కరెంటు మాస్టారి జవాబులు: సూత్రం సరే, మారనిది ఏది?

పోయిన సంచికలో వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం వస్తాయని రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చూశాక సంతోషమూ చిరాకూ రెండూ కలిగాయి. చాలామంది మీటరు చేతబట్టి స్వయంగా కొలిచి రాశారు, అది సంతోషం. కొలిచిన అంకె ఎక్కడిదో, ఎప్పటిదో చూడకుండా సూత్రంలో పడేశారు, అది చిరాకు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పినన్నాళ్లూ నాకు ఇదే పోరు. ఇక ఉత్తరాల్లోకి వెళదాం.

తెనాలి నుంచి పదో తరగతి విద్యార్థిని: మాస్టారూ, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సామర్థ్యం అని ఒక సూత్రం ఉంది. దాని ప్రకారం నిరోధం పెరిగితే సామర్థ్యం పెరగాలి. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించినా సామర్థ్యమే అని ఇంకో సూత్రం. దీని ప్రకారం తగ్గాలి. రెండూ ఎలా నిజమవుతాయి? మా సార్‌ని అడిగితే “లెక్కలో ఏమిచ్చారో చూసి వేసుకో” అన్నారు.

మీ సార్ చెప్పింది తప్పు కాదు తల్లీ, సగంలో ఆపారంతే. పరీక్షకు ఆ సగం చాలు. ఇంట్లో తీగలకు మాత్రం చాలదు.

రెండు సూత్రాలూ ఒక్కదాని నుంచే పుట్టాయి. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే సామర్థ్యం, అంతే. అందులో వోల్టేజి బదులు ‘కరెంటు × నిరోధం’ అని రాస్తే నీ మొదటి సూత్రం. కరెంటు బదులు ‘వోల్టేజి ÷ నిరోధం’ అని రాస్తే రెండోది. “నిరోధం పెరిగితే” అని నువ్వు అన్నావే, అసలు మెలిక అక్కడుంది. నిరోధం పెరిగినప్పుడు మిగతా రెండింటిలో ఏది కదలకుండా ఉంది? అది చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబే లేదు.

ఇంట్లో బల్బులన్నీ సమాంతరంగా ఉంటాయి. ప్రతిదానికీ 230 వోల్టులే. కదలనిది వోల్టేజి కాబట్టి రెండో సూత్రం పట్టుకోవాలి. పాతకాలపు ఫిలమెంటు బల్బుల్లో 100 వాట్లదాని నిరోధం 230 × 230 ÷ 100, అంటే 529 ఓంలు. 60 వాట్లదానిది దాదాపు 882 ఓంలు. నిరోధం ఎక్కువున్నదే మసకగా వెలుగుతుంది.

ఇప్పుడు ఆ రెండింటినీ శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలుపు. రెండింటిలోనూ ఒకటే కరెంటు పారుతుంది. మొత్తం 1,411 ఓంలు, కరెంటు 0.163 ఆంపియరు. కదలనిది కరెంటు కాబట్టి మొదటి సూత్రం. 60 వాట్ల బల్బులో 23 వాట్లు పైచిలుకు, 100 వాట్లదానిలో 14 వాట్లు. చిన్న బల్బే ఎక్కువ వెలుగుతుంది! నిజానికి ఫిలమెంట్లు అంతగా వేడెక్కవు కాబట్టి వాటి నిరోధాలూ తగ్గుతాయి, అంకెలు కాస్త మారతాయి. ఏది ఎక్కువ వెలుగుతుందన్నది మాత్రం మారదు. తరగతిలో ఇది చేసి చూపించేవాణ్ణి. బల్లల మీద నిద్రపోయేవాళ్లు కూడా లేచి చూసేవారు. నువ్వు మాత్రం ఒంటరిగా చేయకు, మీ ల్యాబులో సార్ పక్కనుండగానే.

జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి ఒక రైతు: మాస్టారుగారూ, మాది 5 హెచ్‌పీ త్రీ ఫేజు బోరు మోటారు. వోల్టేజి 415 ఉన్నప్పుడు టాంగ్ టెస్టరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూస్తే 8 ఆంపియర్లు. వరి నాట్ల కాలంలో అందరూ మోటార్లు వేస్తే వోల్టేజి 340కి పడిపోతుంది. మీరు చెప్పిన ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గాలి కదా? బల్బు మసకబారినట్టు మోటారు కూడా తక్కువే లాగాలి. కానీ 10 ఆంపియర్లు చూపిస్తోంది. రెండుసార్లు వైండింగ్ కాలింది. సూత్రం తప్పా, నా టెస్టరు తప్పా?

రెండూ తప్పు కాదండీ. ఈ నెల ఉత్తరాలన్నింటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదే.

బల్బూ, ఇస్త్రీపెట్టే, హీటరూ ఒక జాతి. వాటిలో ఉన్నది నిరోధం ఒక్కటే. వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతుంది, పని తగ్గుతుంది, ఊరుకుంటాయి. మోటారు ఊరుకోదు. పైకెత్తాల్సిన నీళ్లు అవే, బోరు లోతు అదే. వోల్టేజి పడిపోయినంత మాత్రాన పంపు మీద భారం తగ్గదు. మోటారు దాదాపు అదే వేగంతో తిరగాలని చూస్తుంది. అంటే ఇక్కడ కదలనిది నిరోధం కాదు, మోటారు చేయాల్సిన పని. వోల్టేజి పడిపోతే ఆ లోటును కరెంటుతో పూడ్చుకుంటుంది. లెక్క చూడండి: 415ను 8తో గుణించి 340తో భాగిస్తే 9.8 వస్తుంది. మీ టెస్టరు 10 చూపింది. ఆ కాస్త తేడా, తక్కువ వోల్టేజీలో మోటారు దక్షత పడిపోవడం వల్ల కావచ్చు. మీ టెస్టరు భేషుగ్గా ఉంది.

ఇక వైండింగ్ ఎందుకు కాలిందంటారా? మోటారు లోపలి రాగితీగకు నీళ్లతో పని లేదు. దానికి తెలిసింది తనలో పారే కరెంటొక్కటే. అక్కడ పుట్టే వేడికి ‘కరెంటు వర్గం × నిరోధం’ సూత్రమే. 8 వర్గం 64, 10 వర్గం 100. కరెంటు పెరిగింది నాలుగో వంతు, వేడి పెరిగింది 56 శాతం. పైగా రాగి వేడెక్కితే దాని నిరోధమూ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.4 శాతం. 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే నిరోధం ఐదో వంతు పెరిగినట్టే. వేడి నిరోధాన్ని పెంచుతుంది, ఆ నిరోధం మళ్లీ వేడిని పెంచుతుంది. తీగ మీది ఎనామెలు ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఇప్పుడొక మాట గట్టిగా అడుగుతాను, ఏమనుకోవద్దు. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే, అంటే కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే పరికరం, ఉందా? ఉంటే దాన్ని ఎంతకు పెట్టారు? మన పల్లెల్లో నేను చూసిన స్టార్టర్లలో చాలావాటికి రిలేను చివరిదాకా తిప్పేసి ఉంచుతారు, లేదా తీగ ముక్కతో దాటేస్తారు. “మాటిమాటికీ కొట్టేస్తోంది సార్” అంటారు. కొట్టేయడమే దాని ఉద్యోగం. మోటారు రేకు మీద రాసిన ఆంపియర్లకే దాన్ని పెట్టించండి. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందంటే మరీ ప్రమాదం. అదే భారం మోస్తూ నడిచే మోటారైతే మిగిలిన రెండు తీగల్లో కరెంటు సుమారు 1.7 రెట్లు అవుతుంది, వేడి మూడింతలు. ఫేజు పోతే ఆపేసే పరికరం రీవైండింగ్ ఖర్చు కంటే చవక.

కేబులు సంగతి కూడా చూడండి. స్తంభం నుంచి స్టార్టరుకు 100 మీటర్లు, బోరు లోపలికి 300 అడుగులు అనుకుందాం. మొత్తం 190 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులైతే ఒక్కో తీగ నిరోధం దాదాపు 1.5 ఓంలు. 8 ఆంపియర్ల దగ్గర మూడు తీగల్లో కలిపి 290 వాట్లు కేబులు కాగడానికే పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 180 వాట్లు. 10 ఆంపియర్లు పారితే ఈ అంకెలు కూడా ఒకటిన్నర రెట్లు అవుతాయి. అల్యూమినియం అయితే అదే మందానికి నిరోధం రాగి కంటే 1.6 రెట్లు. దుకాణంలో కేబులు కొనేటప్పుడు ధర చూసినట్టే మందమూ చూడండి.

వరంగల్ నుంచి ఒక గృహిణి: మా ఇంట్లో 15 లీటర్ల గీజరు ఉంది, 2000 వాట్లది. మామూలుగా పావుగంట దాటితే లైటు ఆరిపోతుంది. సాయంత్రాలు 180 వోల్టులే వస్తున్నాయి, అప్పుడు అరగంట పడుతోంది. అరగంట నడిస్తే బిల్లు రెట్టింపు అవుతుందని మా వారు గొడవ. నిజమేనా?

కాదమ్మా. గీజరు బల్బు జాతిది. దాని నిరోధం 230 × 230 ÷ 2000, అంటే 26.45 ఓంలు. అది పెద్దగా మారదు. 180 వోల్టులకు కరెంటు 6.8 ఆంపియర్లు, సామర్థ్యం 1,225 వాట్లు. వోల్టేజి ఐదో వంతుకు పైగా తగ్గితే సామర్థ్యం మూడో వంతుకు పైగా పడిపోయింది.

15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి కావాల్సిన శక్తి 0.61 యూనిట్. అది నీళ్ల అవసరం, వోల్టేజితో నిమిత్తం లేదు. 2000 వాట్లతో 18 నిమిషాల్లో వస్తుంది, 1,225 వాట్లతో 30 నిమిషాల్లో. మీరు కొలిచిన సమయాలకు ఇది సరిగ్గా అతికింది. తొట్టి గోడల గుండా బయటికి పోయే వేడి కాస్త పెరుగుతుంది, అది పైసల్లో మాట. మీ వారికి ఈ సంచిక చూపించండి.

180 మాత్రం ఊరికే భరించాల్సిన వోల్టేజి కాదు. 230కి అటూ ఇటూ 6 శాతం దాకా తేడా ఉండొచ్చు, అంటే 216కు తగ్గకూడదు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. గీజరు సర్దుకుపోతుంది కానీ మీ ఫ్రిజ్జు కంప్రెసరు లోపల ఉన్నది మోటారే. దాని గతేమిటో పై రైతుగారి జవాబులో రాశాను.

నల్లగొండ నుంచి ఒక ఐటీఐ విద్యార్థి: సార్, ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు రన్నింగ్ వైండింగ్‌కు మల్టీమీటరు పెడితే 3 ఓంలు చూపింది. 230ని 3తో భాగిస్తే 77 ఆంపియర్లు. కానీ మోటారు 7 ఆంపియర్లే తీసుకుంటోంది. మల్టీమీటరు పాడైందా?

మల్టీమీటర్లను నిందించే ముందు అది ఏం చేస్తుందో చూడు నాయనా. దాని లోపలి చిన్న బ్యాటరీ డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు, పంపుతుంది. డీసీకి వైండింగ్ అంటే పొడవాటి రాగితీగ, అంతే. ఆ తీగ నిరోధమే నువ్వు చూసిన 3 ఓంలు. సెకనుకు 50 సార్లు ఊగే ఏసీ ఇచ్చినప్పుడు ఇనుప కోరు మీద చుట్టిన ఆ తీగలో ఎదురు వోల్టేజి పుడుతుంది. మోటారు తిరుగుతున్నప్పుడు నువ్విచ్చే 230లో చాలా భాగానికి అదే అడ్డుపడుతుంది. రాగి నిరోధానికి మిగిలేది కొద్దిపాటి వోల్టేజి: 7 ఆంపియర్లను 3 ఓంలతో గుణిస్తే 21 వోల్టులు. 230ని 7తో భాగిస్తే వచ్చే 33 ఓంలను ఇంపిడెన్స్ అంటారు. అది నిరోధం ఒక్కటే కాదు, అందుకే దాన్ని వేడి లెక్కకు వాడకూడదు. వేడికి 3 ఓంలే: 7 × 7 × 3, అంటే 147 వాట్లు.

స్విచ్చి వేసిన క్షణంలో రోటరు (మోటారులో తిరిగే భాగం) కదలదు కాబట్టి ఆ అడ్డు బాగా తక్కువ. అప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. పంపు ఇరుక్కుపోయి తిరగకపోతే ఆ కరెంటు అలాగే పారుతూ ఉంటుంది. ఇక వాసన నీకే తెలుస్తుంది.

ఫిలమెంటు బల్బు కూడా మల్టీమీటరుతో ఇలాగే ఆడుకుంటుంది. 100 వాట్లది చల్లగా ఉన్నప్పుడు కొలువు. 40 ఓంల దగ్గర చూపిస్తుంది. పైన మన తెనాలి అమ్మాయికి లెక్కకట్టి చెప్పిన 529 ఎక్కడ, ఈ 40 ఎక్కడ! టంగ్‌స్టన్ తెల్లగా కాలుతున్నప్పుడు దాని నిరోధం పదింతలకు పైగా పెరుగుతుంది. పాత బల్బులు తరచుగా స్విచ్చి వేసిన క్షణంలోనే పోవడానికి కారణం ఈ చల్లని నిరోధమే.

ఒక హెచ్చరిక. ఓంలు కొలిచేటప్పుడు సరఫరా పూర్తిగా తీసేయాలి, కెపాసిటర్‌ను డిస్‌ఛార్జి చేయాలి. మీటరును ఆంపియర్ల మీద పెట్టి సాకెట్ రెండు రంధ్రాల్లో గుచ్చే మహానుభావులూ ఉన్నారు. అలా చేస్తే మీటరు షార్ట్ సర్క్యూట్ అయిపోతుంది. నా దగ్గర చదివిన బ్యాచీల్లో ఏటా ఎవరో ఒకరు ఈ పని చేసేవారు.

అనంతపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: ఓమ్ కాలంలో వోల్ట్‌మీటరు, అమ్మీటరు లేవు కదా. మరి వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం అన్న ఆ నియమాన్ని ఎలా కనిపెట్టాడు?

మంచి ప్రశ్న మాస్టారూ. జర్మనీలోని కొలోన్ నగరంలో గియోర్గ్ ఓమ్ కూడా మనలాంటి బడిపంతులే. అప్పటి బ్యాటరీలు పెట్టిన కాసేపటికే నీరసించేవి. వోల్టేజి నిలవకపోతే ఏ లెక్కా తేలదు. పోగెన్‌డార్ఫ్ అనే పత్రికా సంపాదకుడి సలహాతో బ్యాటరీని వదిలేసి బిస్మత్, రాగి అతుకులు వాడాడు. రెండు అతుకుల మధ్య వేడి తేడా ఉంటే వోల్టేజి పుడుతుంది. ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకొకటి మంచులో. ఆ రెండు ఉష్ణోగ్రతలూ కదలవు కాబట్టి వోల్టేజీ కదలదు. కరెంటు కొలవడానికి వేలాడదీసిన అయస్కాంత సూదిని వాడాడు. కరెంటు పారితే సూది పక్కకు తిరుగుతుంది. దాన్ని వెనక్కి తేవడానికి వేలాడే తీగను ఎంత మెలిపెట్టాలో చూశాడు. రకరకాల పొడవుల తీగలు మార్చి లెక్క తేల్చాడు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

ఓమ్ పుస్తకానికి నాలుగు దశాబ్దాలకు పైగా ముందే ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ దాదాపు ఇదే నియమం కనుక్కున్నాడు. ఆయన అమ్మీటరు ఆయన ఒళ్లే. ఉప్పునీళ్ల గొట్టాల గుండా తనకు తగిలిన షాకుల తీవ్రతను పోల్చి చూసుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు. 1879లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆ కాగితాలు అచ్చువేస్తే గానీ లోకానికి తెలియలేదు. పిల్లలకు ఈ కథ చెప్పండి, ఆ పద్ధతి మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దని కూడా చెప్పండి.

విశాఖపట్నం నుంచి ఒక ఉద్యోగి: గీజరు ప్లగ్గు నల్లబడి కరిగిపోతోంది. 16 ఆంపియర్ల సాకెట్టే పెట్టించాం, ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్చి) కూడా కొత్తది. ఒక్కసారి కూడా పడలేదు. గీజరు 2000 వాట్లది. ఎక్కడ లోపం?

గీజరులో లోపం ఉందనుకోను, ఎమ్‌సీబీలో అంతకన్నా లేదు. లూజు కాంటాక్టు. సాకెట్ లోపలి రేకులు వదులై ఉండాలి, లేదా స్క్రూ కింద తీగ సరిగ్గా బిగిసి ఉండదు. మీది సముద్రపు గాలి, రేకులు చిలుము పట్టడానికి ఇంకేం కావాలి?

ఆ అతుకు దగ్గర అర ఓము నిరోధం చేరిందనుకోండి. గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అతుకూ గీజరూ శ్రేణిలో ఉన్నాయి, కరెంటును శాసించేది గీజరు. కాబట్టి 8.7 × 8.7 × 0.5, దాదాపు 38 వాట్లు. రేడియో మెకానిక్ వాడే టంకం కడ్డీలు 25, 35 వాట్లవి ఉంటాయి. అలాంటి కడ్డీని మీరు రోజూ పొద్దున్నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వెలిగిస్తున్నారన్నమాట.

ఎమ్‌సీబీ ఎందుకు పడలేదంటే, అది చూసేది కరెంటును. అర ఓము చేరడం వల్ల కరెంటు పెరగలేదు, పిసరంత తగ్గింది కూడా. వోల్టేజీ నాలుగు వోల్టులే తగ్గింది, గీజరుకు తేడా తెలియదు. ఏ మీటరూ, ఏ ఎమ్‌సీబీ పట్టుకోలేని నిప్పు ఇది. పట్టుకునేది మీ చెయ్యి ఒక్కటే: గీజరు పది నిమిషాలు నడిచాక స్విచ్చి ఆపి, ప్లగ్గు పైభాగం తాకి చూడండి. గోరువెచ్చన కంటే ఎక్కువుంటే వాడకండి. ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చండి. ఒక్కటే మారిస్తే కాలిన పాత రేకు కొత్తదాన్నీ పాడుచేస్తుంది. తీగ చివర నల్లబడినంత మేర కత్తిరించి, తళతళలాడే రాగి కనిపించేదాకా తీసి బిగించమనండి.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: వచ్చే నెల గుంటూరు వస్తున్నాను. చెల్లికి ఇక్కడి హెయిర్ డ్రయ్యరు తెస్తున్నాను. 120 వోల్టులు, 1500 వాట్లు అని రాసి ఉంది. ప్లగ్గు అడాప్టరు కొన్నాను. సరిపోతుందా?

సరిపోదమ్మా. అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. ఆ డ్రయ్యరు నిరోధం 120 × 120 ÷ 1500, అంటే 9.6 ఓంలు. గుంటూరులో 230 వోల్టులు ఇస్తే 24 ఆంపియర్లు, 5,500 వాట్లు. మీ చెల్లి జుట్టు ఆరదు, అంటుకుంటుంది. దాని మీద ‘120/240’ అని మార్చుకునే మీట ఉంటే సరే. లేకపోతే 1500 వాట్లకు తగిన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని బరువు మీ సూట్‌కేసు మోయలేదు. ఆ డబ్బుతో గుంటూరులోనే 230 వోల్టులది కొనివ్వండి.